రాణికీ జిలేబికీ ఆషాఢం

ఇప్పుడంటే రోడ్డు మీద ఇద్దరు అరుచుకుంటుంటే స్కూటీని పక్కనుంచి పోనిచ్చి నా దారిన నేను వెళ్ళిపోతున్నాను గానీ, ఆ రోజుల్లో అలా కాదు. ఎవరు తగువులాడుకుంటున్నా మధ్యలో దూరి రాజీ చేస్తే తప్ప నాకు అన్నం సయించేది కాదు. కోదాడలో ఒక ప్రైవేటు స్కూల్లో మూడో తరగతికి టీచర్ని. పెన్సిల్ ముక్క దగ్గర మొదలై చొక్కా గుండీలు తెగేదాకా సాగిన యుద్ధాలు నా క్లాసులో వారానికి రెండైనా ఉండేవి. అన్నిటికీ నా దగ్గర ఒకటే మందు. కొట్టుకున్న ఇద్దరినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి ఒకే టిఫిన్ బాక్సులోంచి తినమనేదాన్ని. మొదటి ముద్దకి మూతి ముడుచుకునే ఉండేది, మూడో ముద్దకి నవ్వు వచ్చేసేది. రెండేళ్ళలో ఒక్క కేసు కూడా ఓడిపోలేదు. (ఒకటి ఓడిపోయాను. కానీ వాళ్ళు కవలలు, లెక్కలోకి రారు.) మా హెడ్మాస్టర్ గారు స్టాఫ్ రూములో అందరి ముందూ నన్ను ‘జడ్జిగారు’ అని పిలిచేవారు. అది ఎగతాళేమోనని ఇప్పుడు అనుమానం వస్తోంది గానీ, అప్పుడు మాత్రం మెడలో దండ వేసినట్టే ఉండేది.

ఇంత గొప్పదాన్ని కాబట్టే పెళ్ళిచూపుల్లో నోరు జారాను. నాకు జిలేబి అని ఒక కుక్క ఉంది. బెల్లం రంగు, నడుం మీదికి చుట్ట తిరిగిన తోక, అందుకే ఆ పేరు. స్కూలు వెనక గోడ పక్కన అరచేతిలో పట్టేంత పిల్లగా దొరికింది. నా పెళ్ళి కుదిరితే మా అమ్మ సూర్యాపేటలో అక్క దగ్గరికి వెళ్ళిపోవాలని అనుకుంటోంది. అక్కవాళ్ళది పై అంతస్తులో కిరాయి ఇల్లు, ఇంటి ఓనరు కుక్క అన్న మాట వింటేనే గేటు వేసేసే రకం. అంటే జిలేబికి నేను తప్ప దిక్కు లేదు. మిర్యాలగూడ నుంచి వచ్చిన అబ్బాయి వాళ్ళమ్మ నాతో చల్లగా, “నువ్వేమన్న అడగాల్నంటే అడుగు బిడ్డా, సిగ్గుపడకు” అంది. నేను సిగ్గుపడలేదు. “నాతో పాటు నా కుక్క కూడా వస్తుందండీ” అన్నాను. మా అమ్మ చీర చాటున నా తొడ గిల్లిన చోట మూడు రోజులు నల్లగా ఉంది. ఆమె మాత్రం ఏమీ అనుకోలేదు. “మా ఇంట్ల సుత ఒకటి ఉన్నది. రాణి. ఎనిమిదేండ్లది. ఆ ఇల్లు దానిదే, మేం కిరాయికి ఉన్నట్టు ఉంటం. మరి రెండు ఆడకుక్కలు, ఎట్ల పడతదో” అంది. “దానిదేముందండీ, రెండు రోజుల్లో కలిపేస్తాను” అన్నాను నేను. ఆ మాట అన్నప్పుడు ఆమె నా మొహంలోకి కాస్త ఎక్కువసేపు చూసింది. ఆ చూపు అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

పూర్వం ఆడపిల్లకి అరణంగా పాడి ఆవునిచ్చి పంపేవారట. నేను జూన్ నెల ఎండలో బీరువా, పరుపు, కుక్కతో ట్రాలీ ఆటోలో సామాను పంపి వెనకే కారులో అత్తారింట దిగాను. గడప మీద బియ్యం చెంబు, పక్కన ఎర్రనీళ్ళ పళ్ళెం, ఎదురుగా చేతులు అడ్డం పెట్టి మా ఆడబిడ్డ. “మా అన్న పేరు చెప్తెనే లోపలికి” అంది. నేను తల వంచుకుని, గొంతు సవరించుకుని, వారం రోజులుగా అద్దం ముందు సాధన చేసిన సిగ్గు మొహంలోకి తెచ్చుకుంటున్నాను. అంతలో జిలేబి ట్రాలీలోంచి దూకి నా పక్కకి వచ్చింది. అత్తమ్మ కాళ్ళ వెనక నుంచి రాణి బయటికొచ్చింది. నల్లగా, ఇంత తలకాయ, మూతి దగ్గర మాత్రం ముగ్గు చల్లినట్టు తెలుపు. నేను “జిలేబీ” అని కేక పెట్టాను. తర్వాత ఏం జరిగిందో ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. ఎర్రనీళ్ళు మామయ్య తెల్ల పంచె మీద పడ్డాయి. నేను కుడికాలితో తోయాల్సిన బియ్యం చెంబుని నాకంటే ముందు రాణి తన్నింది. (ఆ లెక్కన ఆ ఇంటి కోడలు ఎవరన్నది ఇప్పటికీ తేలలేదు.) రాణి చెవి అంచు చీలింది, జిలేబి ముందు కాలు గీసుకుంది. మా ఆడబిడ్డ మాత్రం, “వదినె చెప్పింది గద, మా అన్న పేరు జిలేబి” అని తీర్పు చెప్పి దారిచ్చింది. నేటికీ ఫోన్ చేస్తే, “జిలేబన్న ఉన్నాడా” అనే అడుగుతుంది.

సరే, మొదటి రోజు కంగారు అనుకున్నాను. నాలుగో రోజు నా టిఫిన్ బాక్సు విద్య బయటికి తీశాను. ఇంట్లో మటన్ వండారు. బొమికలన్నీ ఒక పెద్ద పళ్ళెంలో వేసి అన్నం కలిపి వరండాలో పెట్టాను. ఇటు జిలేబి పట్టీ నేను పట్టుకున్నాను, అటు రాణిని మా ఆయన పట్టుకున్నాడు. ఆయన దామరచర్ల సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేసి అప్పుడే వచ్చి ఉన్నాడు, కళ్ళు మూతలు పడుతున్నాయి. “ఒక్క పళ్ళెంల రెండు కుక్కలు తింటయా? నువ్వు చూసినవా ఎక్కడన్న?” అని అడిగాడు. “పిల్లలు తినడం చూశాను” అన్నాను. చెప్పానుగా, ఆ రోజుల్లో నాకు జవాబు లేని ప్రశ్న ఉండేది కాదు. వాటి రెండు మూతులూ పళ్ళెం చేరేదాకా ప్రశాంతంగానే ఉంది. తర్వాత పళ్ళెం గాల్లోకి లేచింది, పట్టీ నా చేతిలోంచి జారింది, రెండూ కలిసి మామయ్య పేపరు చదువుకుంటున్న నవారు మంచం కిందికి దూరాయి. మంచం ఒకవైపు లేచింది, మామయ్య రెండో వైపు దిగారు. ఆయన పేపరు మాత్రం వదల్లేదు. మా ఆయన బకెట్టు నీళ్ళు కుమ్మరించి వాటిని విడదీశాక, మామయ్య తడిసిన పేపరు విదిలించుకుంటూ, “బిడ్డా, ఇది మూడో తరగతి కాదేమో” అన్నారు, చాలా మర్యాదగా.

అత్తమ్మ రాణిని ఒళ్ళోకి లాక్కుని చెవికి పసుపు అద్దింది, తర్వాత జిలేబిని పిలిచి దాని కాలికీ అద్దింది. (ముందు ‘అద్దారు’ అని రాసి కొట్టేశాను. ఇంట్లో చదివి వినిపిస్తే నవ్వుతుంది.) చేతులు కడుక్కుని వచ్చి అప్పుడు చెప్పింది. “శ్రావణం దాకా చూస్త బిడ్డా. అప్పటికి గీ రెండు ఒక్క గడపల పడితె మంచిదే. పడకుంటె చిలుకూరుల మా తమ్మునికి కోళ్ళఫారం ఉన్నది, నీ కుక్కను గాడికి తోలుదాం. కావలికి కుక్క కావాల్నంటుండు. గొలుసేసి కట్టేస్తరు గని, తిండికి లోటుండది.” ఆమె గొంతు పెంచలేదు. పెంచితే ఎదురు మాట్లాడేదాన్ని. జిలేబికి మెడపట్టీ తెలుసు గానీ గొలుసు తెలియదు. వేలకొద్దీ కోళ్ళ మధ్య ఒక గుంజకి కట్టేసిన జిలేబి, రోడ్డు మీద స్కూటీ చప్పుడు అయినప్పుడల్లా లేచి నిలబడే జిలేబి, నా కళ్ళ ముందు కదిలింది. స్నానాల గదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. మా ఆయనతో మొర పెట్టుకుంటే, “మా అమ్మను నిన్ను ఒక్కతాన ఉంచుడే నాకు పెద్ద పరేషాన్. కుక్కల పంచాయితి నా మీద పెట్టకు” అని దుప్పటి ముసుగు పెట్టాడు.

ఇంతలో ఆషాఢం వచ్చింది. కొత్త కోడలు, అత్త ఆ నెలంతా ఒకే గడప దాటకూడదని మనలో ఆనవాయితీ. మామూలుగా అయితే పుట్టింటికి వెళ్ళిపోవాలి. కానీ నేను మిర్యాలగూడలోనే కొత్త స్కూల్లో చేరాను, బడులు తెరిచారు, రోజూ సూర్యాపేట నుంచి వచ్చిపోవడం కుదిరే పని కాదు. పైగా సూర్యాపేటలో జిలేబికి చోటు లేదు. ఆనవాయితీ తప్పడానికి అత్తమ్మ ఒప్పుకోదు. రెండు రోజులు ఆలోచించి ఆమే దారి కనిపెట్టింది. ఇంటి వెనక రేకుల గది ఒకటి ఉంది, మామయ్య పనిచేసే రైస్ మిల్లు నుంచి తెచ్చిన ఖాళీ గోనెసంచులు పెట్టేది. దానికి వెనక సందులోకి వేరే తలుపు. “ఒక్క గడప దాటొద్దన్నరు గని, ఒక్క దొడ్ల ఉండొద్దని ఎవలన్నరు? గీ నెల నువ్వు గాడ, నేను గీడ. ఆ రెంటికి సుత ఆషాఢమే. నీ కుక్క నీ గడప, నా కుక్క నా గడప” అంది. అలా గోనెసంచుల మధ్య నేనూ జిలేబీ కాపురం పెట్టాం. (మా ఆయన ఏ గడపలో ఉండాలన్నది పెద్దలు ముందే తేల్చేశారు, వాళ్ళమ్మ గడపలోనే అని. పాపం, ఆయన మొహం చూసి ఆ నెలంతా ఫ్యాక్టరీలో ఓవర్‌టైమ్ ఇచ్చి ఉంటారు.)

జిలేబికి తెల్లారగానే తిరిగే అలవాటు. మా వీధి చివర సాగర్ కాలువ నుంచి వచ్చే పిల్లకాలువ ఉంది, దాని గట్టు తప్ప కుక్కని తిప్పడానికి వేరే చోటు లేదు. అత్తమ్మకి షుగరు, డాక్టరు నడవమన్నాడు, ఆమె కూడా రాణిని తీసుకుని అదే వేళకి అక్కడికే వచ్చేది. మొదటి రోజు ఎదురుపడగానే ఆమె ఒక క్షణం ఆగి, తూము మీదుగా అవతలి గట్టుకి వెళ్ళిపోయింది. నడుమ పది అడుగుల నీళ్ళు. కుక్కలు రెండూ నీళ్ళ మీదుగా ఒకదాన్నొకటి ఊరు లేచేలా తిట్టుకున్నాయి. నేను నా పద్ధతిలో ఆగి, వంగి, జిలేబికి నీతి బోధించబోయాను. అత్తమ్మ అటు గట్టు నుంచి, “ఆగకు బిడ్డా, నడువు. ఆగితెనే కొట్లాట. నడిసేటోళ్ళకు కొట్లాడ తీరికుండది” అంది. నడిచాను. అటు ఆమె, ఇటు నేను, మధ్యలో నీళ్ళు, మొరుగుళ్ళు. కాసేపటికి జిలేబికి ఆయాసం వచ్చి మొరగడం ఆపింది. రాణికి అంతకుముందే వచ్చినట్టుంది, వయసు పైబడింది కదా.

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ఊరికే నడవడం ఎందుకని అత్తమ్మ మాటలు మొదలుపెట్టింది. అటు గట్టు నుంచి ఇటు గట్టుకి వినబడాలంటే కేక వేయాలి. “ఇయ్యాల ఏం కూరొండుతవ్?” “సొరకాయ అత్తమ్మా.” “నువ్వులపొడి ఏసి ఒండు, మీ దిక్కు పాలు పోస్తరు గావొచ్చు, గట్ల అలవాటు చేసుకోకు, శ్రావణంల వాడు తినడు.” మిల్లుకి పనికి పోయేవాళ్ళు సైకిళ్ళు ఆపుకుని విని, సాయంత్రం కూర ఎలా కుదిరిందో నన్ను అడిగేవారు. మా ఆయన చిన్నప్పుడు ఐదో తరగతి రెండుసార్లు చదివిన సంగతి నాకు తెలిసింది ఆ కాలువ గట్టు మీదే, నాతోపాటు ఇంకో పదిమందికి కూడా. ఎదురెదురుగా కూర్చుని ఉంటే మేమిద్దరం ఆ నెలలో అన్ని మాటలు మాట్లాడుకునేవాళ్ళం కాదు. వారం తిరిగేసరికి మొరుగుళ్ళు రెండు మూడుకి దిగాయి. రెండో వారంలో రాణి నడుస్తూ నడుస్తూ తల తిప్పి జిలేబి వస్తోందా లేదా అని చూసుకోవడం మొదలుపెట్టింది. అత్తమ్మకి చూపించబోతే, “నాకెరుకే, నడువు” అంది.

మూడో వారంలో నాకు జ్వరం వచ్చింది. పొద్దున లేవలేకపోయాను. జిలేబి తలుపు దగ్గర నిలబడి గునుస్తోంది. ఎండెక్కాక వెనక సందులో అత్తమ్మ గొంతు వినబడింది. “నువ్వు రాలేదని ఇది తూము కాడ కూసుండి కదలనంటది. అరగంట బతిమిలాడిన” అంటూ తలుపు దగ్గరికి వచ్చింది. ఒక చేతిలో మిరియాల చారు గిన్నె, ఇంకో చేతిలో రాణి తాడు. లేవబోయి మళ్ళీ గోనెసంచి మీద కూలబడ్డాను. ఆమె గడప అవతలే గొంతుకూర్చుని చారు గిన్నె గడప మీద పెట్టి, “నేను దాటలే చూడు” అంది. అప్పుడు జిలేబి గడప దగ్గరికి వెళ్ళింది. అడ్డుపడే ఓపిక కూడా నాకు లేదు. అటు నుంచి రాణి మూతి చాచింది, ఇటు నుంచి జిలేబి చాచింది. చారు గిన్నె పైన ముక్కు ముక్కు తాకించుకున్నాయి. రాణి తుమ్మింది. (మిరియాలు కాస్త ఎక్కువే పడ్డాయి.) అంతే, ఇంకేం జరగలేదు. నేను ఆ చారు తాగుతూ ఏడ్చాను, ఘాటుకే అని చెప్పాను. అత్తమ్మ నమ్మినట్టే ఉంది.

శ్రావణం మొదటి శుక్రవారం ముందు తలుపు నుంచి ఇంట్లోకి రమ్మన్నారు. వీధి గేటు దగ్గరే జిలేబి పట్టీని చేతికి రెండు చుట్లు చుట్టుకున్నాను. ఆ గడపలోనే తేలిపోవాలి, లేకపోతే చిలుకూరు. చూస్తే గడప మీద మళ్ళీ బియ్యం చెంబు ఉంది. “ఆనాడు రాణి తన్నింది, నీ వంతు మిగిలింది” అంది అత్తమ్మ. రాణి లోపల గోనెసంచి మీదనుంచి లేచి వచ్చి గడప దగ్గర నిలబడింది. నేను జిలేబి పట్టీ వదిలేశాను. ఎందుకు వదిలానో నాకే తెలియదు, ఆ నెలరోజుల్లో చేతులు నేర్చుకున్నాయేమో. కుడికాలితో చెంబు తోశాను. రాణి జిలేబి చెవి వాసన చూసింది, కాలు వాసన చూసింది, తర్వాత వెనక్కి తిరిగి తీరిగ్గా లోపలికి నడిచింది. జిలేబి తోక ఊపుకుంటూ దాని వెనకే వెళ్ళింది. మామయ్య ముందు జాగ్రత్తగా మంచం మీద నుంచి లేచి నిలబడి ఉన్నారు, మళ్ళీ కూర్చుని పేపరు తెరిచారు. మూడో రోజుకి రెండూ ఒకే గోనెసంచి మీద వీపు వీపు ఆనించి పడుకున్నాయి.

ఇక నా గర్వం చూడాలి. స్కూల్లో చెప్పాను, బంధువులకి చెప్పాను, కూరగాయలు కొనేచోట చెప్పాను. “కుక్కల్ని ఎదురెదురుగా పెట్టకూడదండీ, పక్కపక్కన దూరంగా నడిపించాలి” అని నేనే కనిపెట్టినట్టు చెప్పేదాన్ని. ఏళ్ళు గడిచాయి. రాణి ముసలిదై, చివరి చలికాలమంతా జిలేబి పక్కన ముడుచుకుని వెచ్చగా పడుకుని, ఒక మధ్యాహ్నం నిద్రలోనే వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున జిలేబి తూము దగ్గర కూర్చుని ఎంత పిలిచినా కదల్లేదు. ఆ రోజు అత్తమ్మా నేనూ ఒకే గట్టు మీద, దాని పక్కనే కూర్చున్నాం.

ఆ తర్వాత ఏడాది చిలుకూరులో అత్తమ్మ తమ్ముడి ఇంట్లో శుభకార్యానికి వెళ్ళాం. భోజనాలయ్యాక నాకెందుకో ఆ చోటు చూడాలనిపించింది. “మీ కోళ్ళఫారం ఎటువైపు బాబాయ్?” అని అడిగాను. ఆయన తెల్లబోయాడు. “కోళ్ళఫారమా? మాకెన్నడుందమ్మా? నాకు కోళ్ళ వాసనే పడదు. ఎవరు చెప్పారు నీకు?” నేను అత్తమ్మ వైపు చూశాను. ఆమె అరిటాకులు లెక్కపెట్టుకుంటోంది. తిరుగు ప్రయాణంలో బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఎటో చూస్తూ తనే అంది. “నీ క్లాసుల పిల్లగాండ్లకు హెడ్మాస్టర్ రూముకు తోల్త అని చెప్తవ్ గద. ఎన్నిసార్లు తోలినవ్?” ఒక్కసారి కూడా పంపలేదన్నాను. “గంతే” అంది. కొంగు సర్దుకుని, “రెండు దినాల్ల కలుపుతనన్నవ్ బిడ్డా. నెల పడతదని చెప్తె నువ్వు వింటుంటివా?” అంది. కోదాడ జడ్జిగారిని అంతకంటే మర్యాదగా ఎవరూ పదవిలోంచి దించలేదు.

మొన్న మా పక్కింట్లోకి కొత్తగా దిగినవాళ్ళకి రెండు కుక్కలు. పొద్దస్తమానం కొట్లాటే. వాళ్ళావిడ, “మీరు కుక్కల్ని కలిపారట కదా” అంటూ వెతుక్కుంటూ వచ్చింది. నేను కుర్చీ ముందుకి జరుపుకుని మొదలుపెట్టాను. నాకే నవ్వు వస్తోంది, ఆ ఇరవై మూడేళ్ళ పిల్ల ఇంకా లోపల ఎక్కడో కాలు మీద కాలేసుకుని కూర్చునే ఉంది. కింద జిలేబి, మూతి తెల్లబడిపోయి, గోనెసంచిలో సగం మీదే పడుకుని ఉంది. రెండో సగం అది ఇప్పటికీ వదిలేస్తుంది. అత్తమ్మ పక్కన చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వింటోంది. చిలుకూరు దగ్గరికి వచ్చేసరికి నేను కాస్త తడబడి ఆగాను. ఆమె తలెత్తలేదు.

“చెప్పు బిడ్డా, ఆపినవేంది? ఫారం చాన పెద్దది గద” అంది.

“చాలా పెద్దదండీ” అన్నాను నేను పక్కింటావిడతో.